స్కాట్లాండ్‌లో ఆదివారం ఏ చర్చికి వెళ్లాలి? సీఎస్ఐ నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఒక పోలిక

చదువుకో ఉద్యోగానికో ఎడిన్‌బరో, గ్లాస్గో, అబెర్డీన్ చేరే తెలుగు క్రైస్తవ కుటుంబాలు మొదటి ఆదివారమే తికమకపడతాయి. బ్రిటన్ అనగానే చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ గుర్తొస్తుంది, అది మన సీఎస్ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) దగ్గరే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుని విమానం ఎక్కుతారు. తీరా వచ్చాక తెలుస్తుంది, స్కాట్లాండ్‌లో చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ లేదని. ఇక్కడి జాతీయ చర్చి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్, దానికి బిషప్పులే లేరు. బిషప్పులున్న ఆంగ్లికన్ సంఘం, అంటే ఇంగ్లాండ్ చర్చి సంప్రదాయంలో నడిచేది, వేరే ఉంది. దాని పేరు స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి. అది ఇంగ్లాండ్ చర్చికి శాఖ కాదు, ప్రభుత్వానికి చెందినదీ కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రతి ఆదివారం ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) లేకపోతే ఆరాధన నిండుగా అనిపించనివాళ్లు ముందుగా ఎపిస్కోపల్ చర్చికి వెళ్లి చూడండి. వాక్య ప్రసంగమే మీకు ప్రధానమైతే, పైగా ఇంటి దగ్గర్లోనే సంఘం కావాలనుకుంటే చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ బాగుంటుంది. తెలుగు సహవాసం ఈ రెండింటిలో దేనికైనా తోడుగా ఉండాలి. దానితోనే సరిపెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకో కింద రాశాను.

ముందు బోర్డుల సంగతి. ‘కెథడ్రల్’ అని రాసుంటే బిషప్ గారి చర్చి అనుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అది పనిచేయదు. ఎడిన్‌బరో రాయల్ మైల్ మీద ఉన్న సెయింట్ జైల్స్, గ్లాస్గోలో సెయింట్ మంగో సమాధి ఉన్న పాత కెథడ్రల్, అబెర్డీన్‌లో సెయింట్ మాకర్స్, ఇవన్నీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌వే. పాత రోజుల్లో బిషప్పులుండేవారు కాబట్టి పేరు మిగిలిపోయింది. ఎపిస్కోపల్ కెథడ్రల్ కావాలంటే ఎడిన్‌బరోలో పామర్‌స్టన్ ప్లేస్‌లోని సెయింట్ మేరీస్‌కి, గ్లాస్గోలో గ్రేట్ వెస్టర్న్ రోడ్డు మీది సెయింట్ మేరీస్‌కి, అబెర్డీన్‌లో కింగ్ స్ట్రీట్‌లోని సెయింట్ ఆండ్రూస్‌కి వెళ్లాలి. డండీలో సెయింట్ పాల్స్, ఇన్వర్నెస్‌లో నెస్ నది ఒడ్డున సెయింట్ ఆండ్రూస్ ఉన్నాయి.

ఇక మీరు ఎక్కడి నుంచి వచ్చారో ఒకసారి చూసుకోండి. సీఎస్ఐ 1947 సెప్టెంబర్ 27న ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు (బిషప్పులు లేకుండా పెద్దల సభలతో నడిచేవాళ్లు), కాంగ్రిగేషనలిస్టులు (ఏ సంఘానికి ఆ సంఘమే నిర్ణయించుకునేవాళ్లు) కలిశారు. పైకి అంతా ఒకటే అయినా, ఏ ఊరి సంఘానికి ఆ ఊరి మిషనరీల అలవాట్లు ఇంకా ఉన్నాయి. మచిలీపట్నం, కృష్ణా ప్రాంతంలో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) పనిచేసింది. అది ఆంగ్లికనే, కానీ ఆడంబరం తక్కువ. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. కడప, గుత్తి వైపు లండన్ మిషన్ వాళ్లు, వాళ్ల దగ్గర బిషప్ అనే మాటే ఉండేది కాదు. నంద్యాల వైపు ఎస్పీజీ అనే మరో ఆంగ్లికన్ మిషన్ వాళ్ల పద్ధతి ఎంత బలంగా ఉండేదంటే, 1947లో అక్కడివాళ్లు చాలామంది సీఎస్ఐలో చేరకుండా ఆగిపోయి, తరువాతి కాలంలో వచ్చి కలిశారు. మెదక్ నుంచి వచ్చిన కుటుంబానికీ నంద్యాల నుంచి వచ్చిన కుటుంబానికీ ‘మన చర్చిలాగే ఉంది’ అనిపించే చోటు ఒకటే అవ్వాల్సిన పనిలేదు.

ఇంకో సంగతి మన ఎంపికను సులువు చేస్తుంది. సీఎస్ఐ ఆంగ్లికన్ కమ్యూనియన్ అనే ఆంగ్లికన్ సంఘాల ప్రపంచ కుటుంబంలో సభ్యురాలు, ప్రపంచ మెథడిస్టు కౌన్సిల్‌లోనూ, రిఫార్మ్డ్ (ప్రెస్బిటేరియన్ల లాంటి) సంఘాల ప్రపంచ కూటమిలోనూ కూడా సభ్యురాలే. అంటే ఇక్కడి ఎపిస్కోపల్ చర్చి, మెథడిస్టు చర్చి, చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ మూడూ మనకు చుట్టాలే. లెస్లీ న్యూబిగిన్ గారి సంగతే చూడండి. ఆయన చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో పాస్టరుగా అభిషేకం పొంది భారతదేశానికి వచ్చారు, 1947లో సీఎస్ఐ మొదటి బిషప్పుల్లో ఒకరయ్యారు. బిషప్పులు వద్దన్న సంఘం నుంచి వచ్చి తమిళనాడులోని మదురైకి బిషప్ అయిన మనిషి ఆయన. కాబట్టి మీరు ఇక్కడ ఏ గుమ్మం తొక్కినా ‘మన సంఘాన్ని వదిలేశామా’ అని టెన్షన్ పడనక్కర్లేదు.

ఇప్పుడు ఎపిస్కోపల్ చర్చి గురించి కాస్త వివరంగా. దీని చరిత్ర తెలియకపోతే ఇది ఎందుకు ఇంత చిన్నగా, ఇంత స్వతంత్రంగా ఉందో అర్థం కాదు.

1688లో జేమ్స్ రాజును దించి విలియంను తెచ్చినప్పుడు స్కాట్లాండ్ బిషప్పులు పాత రాజుకు చేసిన ప్రమాణాన్ని తప్పలేదు. ఎడిన్‌బరో బిషప్ అలెగ్జాండర్ రోజ్‌ను తనకు మద్దతిస్తారా అని విలియం స్వయంగా అడిగితే, చట్టం, వివేకం, మనస్సాక్షి ఒప్పుకున్నంత వరకే మీకు సేవ చేస్తానన్నాడట. ఆ జవాబుతో కథ ముగిసింది. 1689లో బిషప్పుల పదవులు రద్దయ్యాయి, 1690లో ప్రెస్బిటేరియన్ పద్ధతి జాతీయ చర్చి పద్ధతి అయింది. రోజ్ సెయింట్ జైల్స్ వదిలి తన వెంట వచ్చినవాళ్లతో ఒక ఉన్ని గోదాములో ఆరాధన మొదలుపెట్టాడు. ఈనాటి ఓల్డ్ సెయింట్ పాల్స్ సంఘం అలా పుట్టిందే.

తరువాత జేమ్స్ వంశమైన స్టువర్ట్ రాజుల కోసం 1715లో, 1745లో తిరుగుబాట్లు జరిగాయి. వాటిలో ఎపిస్కోపల్ వాళ్లు చాలామంది ఉన్నారు. దాంతో 1746, 1748 చట్టాలు వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. ఇంటివాళ్లు కాక నలుగురికి మించి కూడితే పాస్టరుకు జైలు. స్టోన్‌హేవెన్‌లో 1748-49 చలికాలంలో ముగ్గురు పాదిరీలను అలాగే జైల్లో పెట్టారు. చేపలు పట్టేవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు పసిబిడ్డలను వీపు మీది బుట్టల్లో పెట్టుకుని నడిచొచ్చి, జైలు కిటికీ దగ్గర పైకెత్తి పట్టుకుంటే, లోపలి నుంచి చేతులు చాపి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కట్టడం రేవు పక్కన ఇప్పటికీ ఉంది. అబెర్డీన్‌లో ఉండేవాళ్లు ఒక శనివారం రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. ఇది డబ్బున్న ఇంగ్లీషువాళ్ల చర్చి అని ఇక్కడ కొందరు అనే మాట వినగానే నమ్మకండి. తరువాతి కాలంలో అలాంటి పేరు రావడానికి కారణాలున్నాయి గానీ, మూలం మాత్రం ఈ బెస్త కుటుంబాల్లో ఉంది.

అలా నలిగిపోయిన ఈ చిన్న సంఘమే ఆంగ్లికన్ ప్రపంచాన్ని ఇంగ్లాండ్ బయటికి నడిపించింది. అమెరికా స్వాతంత్ర్యం తరువాత అక్కడివాళ్లకు ఒక బిషప్ కావాల్సి వచ్చింది. శామ్యూల్ సీబరీ లండన్ వెళ్లాడు, కానీ అక్కడ రాజుకు విధేయత ప్రమాణం చేయందే అభిషేకం కుదరదు. అమెరికా పౌరుడు అది చేయలేడు. అతను ఉత్తరానికి వచ్చాడు. 1784 నవంబర్ 14న అబెర్డీన్‌లో, బిషప్ జాన్ స్కిన్నర్ ఇంటి మేడ గదిలో, ముగ్గురు స్కాటిష్ బిషప్పులు అతని మీద చేతులుంచారు. రాజుతో సంబంధం లేని ఆంగ్లికన్ సంఘం ఉండొచ్చని అక్కడే రుజువైంది. మన డోర్నకల్ బిషప్ పదవికైనా సీఎస్ఐకైనా ఆ దారి అప్పుడు పడిందేనని నేను నమ్ముతాను. ఇక్కడి శిక్షా చట్టాలను 1792లో ఎత్తేశారు.

ఈ చరిత్ర ప్రభావం నేటి పాలనలో కనిపిస్తుంది. ఎపిస్కోపల్ చర్చిలో ఏడు డయోసీస్‌లు (ఒక్కో బిషప్ కింద ఉండే ప్రాంతాలు) ఉన్నాయి, ఆర్చ్‌బిషప్ లేరు. బిషప్పులు తమలో ఒకరిని ‘ప్రైమస్’గా ఎన్నుకుంటారు. ఆయన సమానుల్లో మొదటివాడే తప్ప ఇతర బిషప్పుల మీద అధికారి కాదు. ఇంగ్లాండ్ చర్చి పెద్ద అయిన క్యాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ మీద గౌరవం ఉంది, కానీ ఆ మాట ఇక్కడ ఆజ్ఞగా చెల్లదు. బిషప్‌ను ఆ డయోసీస్ పాదిరీలు, సంఘ ప్రతినిధులే ఓటేసి ఎన్నుకుంటారు. స్థానిక సంఘంలో పాస్టరును రెక్టర్ అంటారు, లెక్కలూ భవనమూ చూసుకునే కమిటీని వెస్ట్రీ అంటారు. మన పాస్టరేట్ కమిటీలో పనిచేసినవాళ్లకు అది కొత్తగా ఏమీ అనిపించదు.

చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో అధికారం సంఘ పెద్దల (ఎల్డర్ల) సభల చేతుల్లో ఉంటుంది. స్థానికంగా కిర్క్ సెషన్, దాని పైన ప్రెస్బిటరీ, అన్నిటికీ పైన ఏటా మే నెలలో ఎడిన్‌బరోలో కూడే జనరల్ అసెంబ్లీ. దానికి అధ్యక్షత వహించే మోడరేటర్ ఒక్క ఏడాదే ఉంటారు. రాజుగారి ప్రతినిధి వచ్చి కూర్చుంటారు గానీ, సభ నిర్ణయాల్లో ఆయనకు మాట లేదు. 1921 చట్టం ఆత్మీయ విషయాల్లో ఈ చర్చికి పూర్తి స్వేచ్ఛనిచ్చింది. ఇంగ్లాండ్‌లో అయితే రాజే సుప్రీం గవర్నర్, 26 మంది బిషప్పులు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చుంటారు. సరిహద్దు దాటి న్యూకాజిల్‌కో మాంచెస్టర్‌కో మారినప్పుడు మీరు ఆ చర్చిలోకి వెళ్తారు కాబట్టి ఈ మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

ఆదివారం ఎలా ఉంటుందన్నదే చాలామందికి అసలు ప్రశ్న. ఎపిస్కోపల్ చర్చిలో ప్రధాన ఆరాధన దాదాపు ఎక్కడైనా ప్రభు సంస్కారంతోనే జరుగుతుంది. ఎక్కువ చోట్ల వాడేది 1982 స్కాటిష్ లిటర్జీ (ఆరాధన క్రమం). పాప ఒప్పుకోలు, పాఠాలు, ప్రసంగం, విశ్వాస ప్రమాణం, సమాధానం పంచుకోవడం, సంస్కారం, అన్నీ మనకు తెలిసిన వరుసలోనే వస్తాయి. సమాధానం పంచుకోవడం దగ్గర నాకు ప్రత్యేకంగా సంతోషం. 1950లో సీఎస్ఐ తెచ్చిన ఆరాధన క్రమంలో ఒకరి చేతుల నుంచి మరొకరి చేతుల్లోకి సమాధానం అందించే పద్ధతి ఉంది. ఆ క్రమం ప్రపంచమంతటా ఆరాధన పుస్తకాలు రాసేవాళ్ల మీద ప్రభావం చూపింది. సంస్కారానికి ముందుకు వెళ్లి బలిపీఠం ముందున్న కఠెరా దగ్గర మోకరిస్తారు లేదా నిలబడతారు. అందరికీ ఒకే గిన్నె, అందులో మామూలు ద్రాక్షారసమే, అంటే ఆల్కహాల్ ఉన్న వైన్. అది ఇబ్బందైతే రొట్టె మాత్రం తీసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో సంస్కారం పాత రోజుల్లో ఏడాదికి కొద్దిసార్లే ఉండేది. ఇప్పుడు కొన్ని సంఘాల్లో నెలకోసారి, కొన్నిచోట్ల మూడు నెలలకోసారి. మీరు కూర్చున్న చోటికే పెద్దలు రొట్టె, చిన్న చిన్న గ్లాసులు తెచ్చి అందిస్తారు. చాలాచోట్ల పులియని ద్రాక్షరసం వాడతారు. ఆరాధనలో ప్రార్థనలు, కీర్తనలు ఉన్నా, గుండెకాయ ప్రసంగమే. లండన్ మిషన్ నేపథ్యం ఉన్న కడప, గుత్తి వాళ్లకు ఇది ఇంటికి దగ్గరగా అనిపిస్తే నాకు ఆశ్చర్యం లేదు.

ఒక హెచ్చరిక. ‘ఎపిస్కోపల్ చర్చి ఇలా ఉంటుంది’ అని ఒక్క సంఘాన్ని చూసి తేల్చకండి. ఎడిన్‌బరోలోనే ఓల్డ్ సెయింట్ పాల్స్‌లో ధూపం, వస్త్రాలు, గానంతో పూర్తి పాతకాలపు పద్ధతి నడుస్తుంది. అక్కడికి కాస్త దూరంలో యార్క్ ప్లేస్‌లోని సెయింట్ పాల్స్ అండ్ సెయింట్ జార్జెస్‌లో బ్యాండ్, తెరమీద పాటలు, ఎక్కువగా యువకులు. రెండూ ఒకే బిషప్ కింద ఉన్నాయి. మొదటిది చూసి భయపడి, రెండోది ఉందని తెలియక వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. కనీసం రెండు సంఘాలు చూశాకే ఒక మాట అనుకోండి.

వివాహం విషయంలో స్పష్టంగా చెప్పడం మంచిది, ఎందుకంటే మన కుటుంబాల్లో చాలామందికి ఇదే నిర్ణయించే అంశం. ఎపిస్కోపల్ చర్చి 2017 జూన్‌లో తన నియమాన్ని మార్చి స్వలింగ వివాహాలకు అనుమతి ఇచ్చింది. ఒప్పుకున్న పాదిరీలే చేస్తారు, ఎవరినీ బలవంతపెట్టరు. ఆ తరువాత కొన్ని సంఘాలు విడిపోయాయి, ఆంగ్లికన్ కమ్యూనియన్ పెద్దలు ఈ చర్చి ప్రతినిధులు కొన్ని కమిటీల్లో కూర్చోకుండా మూడేళ్ల ఆంక్ష పెట్టారు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ 2022లో అదే దారి పట్టింది, అక్కడా పాస్టరు ఇష్టమే. ఇది ఒప్పుకోలేననుకునేవాళ్లకు ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ ఉంది. 2010 వరకు అక్కడ వాయిద్యాలు లేకుండా దావీదు కీర్తనలే పాడేవారు. ఫ్రీ చర్చి కంటే బాప్టిస్టు సంఘాలు మనవాళ్లకు సులువుగా అలవాటవుతాయని నా అంచనా. అయితే ఒక మాట. ఎపిస్కోపల్ చర్చిలోనూ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లోనూ ఈ విషయంలో పాత అభిప్రాయమే ఉన్న పాస్టర్లు, సంఘాలు ఉన్నాయి. అక్కడి పాస్టరును నేరుగా అడగండి. ఇక్కడ అలాంటి ప్రశ్న అడిగితే మర్యాద తప్పినట్టు కాదు.

స్త్రీల సేవ గురించి కూడా ముందే తెలిసుండాలి. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ 1968 నుంచి, ఎపిస్కోపల్ చర్చి 1994 నుంచి స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం ఇస్తున్నాయి. సీఎస్ఐలో అమ్మగారు అంటే పాస్టరు గారి భార్య అనే అలవాటుతో వచ్చే పెద్దవాళ్లకు, బలిపీఠం దగ్గర నిలబడిన పాస్టరే ఆవిడని ముందుగా చెప్పి తీసుకెళ్లండి.

పిల్లలున్నవాళ్లకు: రెండు చర్చిల్లోనూ పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. మీరు ఇండియాలో ఇప్పించినదాన్ని ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. తేడా సంస్కారం దగ్గర వస్తుంది. మన దగ్గర కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆచారం) అయ్యేవరకు ఆగుతారు. ఇక్కడి చాలా ఎపిస్కోపల్ సంఘాల్లో బాప్తిస్మం పొందిన చిన్నపిల్లలు కూడా తీసుకుంటారు. మీ పిల్లవాడు పక్కవాళ్లను చూసి చేయి చాపుతాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆదివారం ఉదయం కఠెరా దగ్గర కాకుండా ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

పెళ్లి ఇక్కడ చేసుకోవాలంటే చర్చితో పాటు రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా పని ఉంటుంది. వధూవరులిద్దరూ అక్కడ ఎం10 ఫారం పెళ్లికి కనీసం 29 రోజుల ముందు ఇవ్వాలి, పది పన్నెండు వారాల ముందే ఇస్తే నిశ్చింత. వీసా మీద ఉన్నవాళ్లకు దానికి తగిన వీసా ఉండాలి. తేదీ, హాలు ఖాయం చేసుకునే ముందే దాన్ని చూసుకోండి.

ఇక తెలుగు సహవాసాలు. పెద్ద నగరాల్లో ఇళ్లలోనో అద్దె హాళ్లలోనో తెలుగు ప్రార్థన కూడికలు ఉంటాయి. అక్కడ మన పాట ఉంటుంది, మన భాషలో ప్రార్థన ఉంటుంది, ఒంట్లో బాగోకపోతే పప్పన్నం వండి తెచ్చేవాళ్లు ఉంటారు. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇది ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. అయినా అదొక్కటే చాలదని ఎందుకంటానంటే, 1910లో ఇదే ఎడిన్‌బరోలో, ది మౌండ్ మీది అసెంబ్లీ హాలులో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మాట్లాడారు. ఆయన ఆ రోజుల్లో డోర్నకల్‌లో పనిచేస్తున్నారు. రెండేళ్ల తరువాత, 1912 డిసెంబర్ 29న, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ సభలో ఆయన మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. భోజనానికి పిలవని, పక్కన కూర్చోబెట్టుకోని మిషనరీలనుద్దేశించి అన్న మాట అది. వంద సంవత్సరాలు దాటాక మనవాళ్లు అదే నగరంలో ఉంటూ, ఏడేళ్లయినా ఒక్క స్కాటిష్ కుటుంబం ఇంటికి వెళ్లకుండా తిరిగి వెళ్లిపోతే, అజరయ్య గారు అడిగింది మనవైపు నుంచి మనమే ఆపినట్టవుతుంది. ఉదయం ఇక్కడి సంఘంలో, సాయంత్రం తెలుగు కూడికలో కూర్చోవడం కుదిరే పనే. ఇక్కడి ఆరాధన గంట, గంటంబావులో అయిపోతుంది.

చిన్న ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఇంత ఎంపిక ఉండదు. ఎపిస్కోపల్ సంఘాలు పల్లెల్లో బాగా చిన్నవి, ఒక రెక్టర్ రెండు మూడు చోట్లకు తిరుగుతారు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ కూడా ఈమధ్య చాలా భవనాలు మూసేసి సంఘాలను కలుపుతోంది. అందుకని మ్యాప్‌లో చర్చి కనబడిందని నమ్మి బయలుదేరకండి, ఆ వారం ఆరాధన ఎక్కడో సంఘం వెబ్‌సైట్‌లో చూడండి. అలాంటి చోట పేరు ఏదైనా దగ్గర్లో తెరిచి ఉన్న సంఘానికే వెళ్లమంటాను. 2021లో ఈ రెండు చర్చిలూ ఒకరినొకరు గుర్తించుకుంటూ సెయింట్ ఆండ్రూ డిక్లరేషన్ మీద సంతకాలు చేశాయి, కాబట్టి వాళ్లకూ అభ్యంతరం ఉండదు.

లూథరన్ నేపథ్యం ఉన్న గుంటూరు వాళ్లకు ఎపిస్కోపల్ చర్చే దగ్గర. ఉత్తర యూరప్ లూథరన్ సంఘాలతో దానికి పోర్వో ఒప్పందం కింద పూర్తి సహవాసం ఉంది. మెదక్ వాళ్లు మెథడిస్టు చర్చి వెతుక్కోవచ్చు, కానీ స్కాట్లాండ్‌లో అవి కొద్దిగానే ఉన్నాయి.

బయలుదేరే ముందు మీ పాస్టరు గారి దగ్గర ఒక పరిచయ ఉత్తరం తీసుకోండి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలు, డయోసీస్ పేరు అందులో ఉంటే చాలు. సభ్యత్వం తీసుకునేటప్పుడు, బిడ్డకు బాప్తిస్మం అడిగేటప్పుడు పనికొస్తుంది. సండే స్కూల్లో చెప్పాలనుకునేవాళ్లు పీవీజీ అనే నేర చరిత్ర తనిఖీ పథకంలో చేరాలి. అది అందరికీ ఉన్న నియమం, మీ మీద అనుమానం కాదు. కానుక విషయానికొస్తే, ఇక్కడ ఏ చర్చికీ ప్రభుత్వం జీతాలివ్వదు, పాస్టరు జీవనం సంఘస్తుల కానుకల మీదే నడుస్తుంది. ఉద్యోగం చేస్తూ ఆదాయపు పన్ను కడుతుంటే గిఫ్ట్ ఎయిడ్ ఫారం మీద సంతకం పెట్టండి. మీరిచ్చే ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు సంఘానికి వస్తాయి, మీ జేబు నుంచి అదనంగా ఏమీ పోదు.